క్యాప్సూల్ సరే.. ఎత్తే ఓడ ఏది?

శుభాంశు శుక్లా అంతరిక్షం నుంచి తిరిగొచ్చిన రోజు చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2025 జులై 15, మన టైమ్ ప్రకారం మధ్యాహ్నం మూడు గంటలు. కాలిఫోర్నియాలో శాన్ డియాగో ముందున్న పసిఫిక్ సముద్రంలోకి నాలుగు పారాచూట్లతో స్పేస్‌ఎక్స్ కంపెనీ డ్రాగన్ క్యాప్సూల్ దిగింది. లక్నోలో కన్నవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఇక్కడ చెన్నైలో మా వీధిలోనూ టీవీల ముందు చప్పట్లు వినిపించాయి. క్యాప్సూల్ నీళ్లను తాకగానే యాంకర్లు 'సురక్షితంగా చేరుకున్నారు' అని చెప్పి చర్చల్లోకి వెళ్లిపోయారు. కానీ నీళ్లను తాకినంత మాత్రాన ప్రయాణం పూర్తికాదు. మనిషి ఓడెక్కాలి, క్యాప్సూల్ ఓడెక్కాలి, లోపలున్న సరుకు పాడవకుండా ల్యాబ్‌కి చేరాలి. ఈ పనిని మన దేశం ఇంకా ఒక పరిశ్రమగా చూడటం లేదు. చూడాలి, అది చెన్నైలోనే మొదలవ్వాలి. ప్రతిసారీ నావికాదళం తలుపు తట్టడం మాని, ఈ తీరంలో పుట్టి పెరిగిన మనుషులకు జీతాలిచ్చి నడిపే పౌర వ్యాపారంగా మొదలవ్వాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

శుక్లా వెళ్లిన ఆక్సియమ్-4 యాత్రలో సీటుకు మనం దాదాపు రూ.550 కోట్లు పెట్టామన్నదీ, గగన్‌యాన్ బడ్జెట్ రూ.9,023 కోట్ల నుంచి రూ.20,193 కోట్లకు పెరిగిందన్నదీ పాఠకులకు తెలిసిన సంగతులే. ఆ డబ్బు దండగా కాదా అన్న వాదనలోకి నేను వెళ్లను. దండగ కాదనే నా అభిప్రాయం. అయితే ఆ ఖర్చులో సముద్రం వాటా ఎంత, ఆ వాటాతో ఈ తీరం మీద శాశ్వతంగా మిగిలేదేమిటి అని అడిగేవాళ్లు లేకపోవడమే నా బాధ.

ముందు ఆ గంటలో ఏం జరుగుతుందో చూద్దాం. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో, గంటకు 28,000 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్న క్యాప్సూల్ ఇంజిన్లు మండించి వేగం తగ్గించుకుంటుంది. గాలి పొరల్లోకి రాగానే చుట్టూ నిప్పు కమ్ముకుని కొన్ని నిమిషాల పాటు రేడియో మూగబోతుంది. అయిదున్నర కిలోమీటర్ల ఎత్తులో చిన్న పారాచూట్లు, రెండు కిలోమీటర్లలోపు పెద్ద పారాచూట్లు విచ్చుకుంటాయి. నీళ్లను తాకేసరికి వేగం గంటకు పాతిక కిలోమీటర్లకు పడిపోతుంది. ఇదంతా దాదాపుగా యంత్రం తనంతట తాను చేసుకునే పని. మనిషి చెయ్యి పడేది ఆ తర్వాతే.

మొదట స్పీడ్ బోట్లు వెళతాయి. ఒక బోటులో వాళ్లు విషవాయువులు కొలిచే పరికరాలతో క్యాప్సూల్ చుట్టూ తిరుగుతారు. డ్రాగన్ దిశ మార్చుకునే చిన్న ఇంజిన్లలో (థ్రస్టర్లలో) వాడే హైడ్రజీన్ రకం ఇంధనం, నైట్రోజన్ టెట్రాక్సైడ్ రెండూ మనిషికి ప్రాణాంతకమైనవే. ఏ కాస్త లీకున్నా తలుపు తీయకూడదు. ఇంకో బోటులో వాళ్లు పారాచూట్లు నీళ్లు పీల్చుకుని మునిగిపోకముందే లాగి పోగు చేస్తారు. ఒకరు ఊగుతున్న క్యాప్సూల్ మీదికెక్కి ఎత్తే తాళ్లు బిగిస్తారు. అప్పుడు రికవరీ ఓడ మెల్లగా దగ్గరికొస్తుంది. ఓడ వెనక భాగంలో ఉన్న పెద్ద ఫ్రేమ్ నీళ్ల మీదికి వంగి, క్యాప్సూల్‌ని ఎత్తి డెక్ మీదున్న గూడులో కూర్చోబెడుతుంది. ఆ తర్వాతే పక్క తలుపు తీస్తారు, డాక్టర్లు లోపలికి వెళతారు. శుక్లా బయటికొచ్చి నవ్వుతూ చెయ్యి ఊపేసరికి దిగి గంట కూడా కాలేదు. అంత తేలిగ్గా కనిపించడం వెనక ఏళ్ల సాధన ఉంది.

ఆ సాధన ఎలా వచ్చిందో తెలియాలంటే 2020 ఆగస్టు 2 చూడాలి. బాబ్ బెంకెన్, డగ్ హర్లీ డ్రాగన్‌లో తొలిసారి ఫ్లోరిడాలో పెన్సకోలా ముందు దిగారు. 1975 తర్వాత అమెరికా వ్యోమగాములు సముద్రంలో దిగడం అదే మొదలు. దిగిన కాసేపటికే జనం సొంత పడవలేసుకుని చుట్టూ చేరిపోయారు. అదే సమయంలో క్యాప్సూల్ దగ్గర విషవాయువు ఉన్నట్టు తేలి తలుపు తీయడం ఆలస్యమైంది. పక్కనే సరదాగా తిరుగుతున్న పడవల్లో వాళ్లకు ఆ సంగతే తెలియదు. ఆ రోజు టెన్షన్ చూశాకే తర్వాతి ప్రయాణాలకు పహారా గట్టిగా పెట్టారు. ఇంకా వెనక్కి వెళితే 1961 జులైలో గస్ గ్రిసమ్ ఉన్నారు. పావుగంట అంతరిక్ష ప్రయాణం చక్కగా ముగించి అట్లాంటిక్‌లో దిగాక, తలుపు తనంతట తానే ఊడి క్యాప్సూల్‌లోకి నీళ్లు వచ్చాయి. ఆయన ఈదుకుంటూ బయటపడ్డారు, క్యాప్సూల్ మునిగిపోయింది. దాన్ని అడుగు నుంచి తీసేసరికి 1999 వచ్చింది. ఆకాశం వదిలిపెట్టిన మనిషిని సముద్రం దాదాపు మింగేసింది.

ఇక ఓడ సంగతి. శుక్లాను ఎత్తిన ఓడ పేరు షానన్. అది అమెరికా నేవీది కాదు, స్పేస్‌ఎక్స్ నడిపే ఓడ. మొదట్లో అది సముద్రంలోని చమురు బావులకు సరుకులు మోసే సప్లై ఓడ. దానికే హెలిప్యాడ్, ఆస్పత్రి గది, ఎత్తే ఫ్రేమ్ బిగించి ఈ పనికి మార్చుకున్నారు. నాసా 2014లో వ్యోమగాములను తీసుకెళ్లి తీసుకొచ్చే కాంట్రాక్టు ఇచ్చినప్పుడు స్పేస్‌ఎక్స్‌కి 260 కోట్ల డాలర్లు, బోయింగ్‌కి 420 కోట్ల డాలర్లు అని ముందే రేటు కట్టింది. ఆ రేటులోనే అన్నీ కలిసి ఉన్నాయి. ఓడ కొంటావో, అద్దెకు తెచ్చుకుంటావో, ఎంతమందిని పెట్టుకుంటావో నీ ఇష్టం, నా మనుషులు క్షేమంగా చేతికి రావాలి అన్నది నాసా లెక్క. అదే నాసా సొంత ఓరియన్ క్యాప్సూల్ 2022 డిసెంబరులో చంద్రుడి దగ్గర్నుంచి తిరిగొస్తే ఎత్తుకోవడానికి యూఎస్ఎస్ పోర్ట్‌లాండ్ అనే యుద్ధనౌక వెళ్లాల్సి వచ్చింది. ఒకే దేశం, ఒకే సముద్రం, రెండు పద్ధతులు. వ్యాపారంగా చేసినచోట పాత సప్లై ఓడ సరిపోయింది.

మన దగ్గర ఉన్నది రెండో పద్ధతి మాత్రమే. 2007 జనవరి 10న పీఎస్‌ఎల్‌వీ-సీ7 మీద వెళ్లిన 550 కిలోల ఎస్‌ఆర్‌ఈ అనే ఇస్రో ప్రయోగ క్యాప్సూల్ పన్నెండు రోజులు తిరిగి, 22న శ్రీహరికోటకు 140 కిలోమీటర్ల తూర్పున బంగాళాఖాతంలో దిగింది. మొదటి ప్రయత్నంలోనే కక్ష్య నుంచి ఒక వస్తువును చెక్కుచెదరకుండా దించి తెచ్చుకున్నాం. ఈ సంగతి మనవాళ్లలో ఎంతమందికి గుర్తుందో! కోస్ట్ గార్డ్, నేవీ కలిసి దాన్ని తెచ్చాయి. 2014 డిసెంబరు 18న కేర్ అనే పరీక్షలో మనుషులు లేకుండా పంపిన 3,775 కిలోల క్రూ మాడ్యూల్ (వ్యోమగాములు కూర్చునే క్యాప్సూల్) అండమాన్ వైపు, శ్రీహరికోటకు 1,600 కిలోమీటర్ల దూరంలో పడితే కోస్ట్ గార్డ్ ఓడ సముద్ర పహరేదార్ ఎత్తుకుని చెన్నై పక్కనున్న ఎన్నూరు రేవుకు తెచ్చింది. 2023 అక్టోబరు 21న టీవీ-డీ1 అనే గగన్‌యాన్ పరీక్షలో మాడ్యూల్ తీరానికి పది కిలోమీటర్ల దూరంలోనే పడింది. నేవీ వాళ్లు వెళ్లేసరికి తలకిందులుగా తేలుతోంది. డైవర్లు నీళ్లలోకి దూకి తాళ్లు కట్టి ఐఎన్ఎస్ శక్తి మీదికి ఎక్కించి చెన్నై పోర్టుకు తెచ్చారు. మనుషులు వెళ్లే మాడ్యూల్‌కి, ఒకవేళ బోర్లాపడితే నిటారుగా తిప్పే గాలి సంచుల ఏర్పాటు ఉంటుంది. 2024 డిసెంబరులో విశాఖ ముందు సముద్రంలో, లోపలికి నీళ్లు వచ్చేలా డెక్ ఉన్న నౌకలోకి మాడ్యూల్‌ని లాక్కొచ్చే రిహార్సల్ కూడా చేశారు.

ఇందులో ఏ ఒక్క పనినీ నేను తక్కువ చేయడం లేదు. ఆ డైవర్లకు చేతులెత్తి దండం పెట్టాలి. కానీ పైన చెప్పిన పెద్దవాటి లెక్క చూడండి. 2007లో ఒకటి, 2014లో ఒకటి, 2023లో ఒకటి. ప్రతిసారీ ఒక యుద్ధనౌకనో, కాపలా నౌకనో దాని అసలు పని మాన్పించి పంపాం. పని అయ్యాక అది వెళ్లిపోయింది. దాంతోపాటు ఆ రోజు నేర్చుకున్న మెలకువలూ బదిలీల మీద తలో దిక్కుకు వెళ్లిపోయాయి. ఎన్నూరులోగానీ చెన్నైలోగానీ 'మేం క్యాప్సూళ్లు ఎత్తుతాం' అని చెప్పుకోగల ఒక్క కంపెనీ, ఒక్క ఓడ, ఒక్క టీమ్ మిగల్లేదు. పదహారేళ్లలో రేవులకు ఇంత దగ్గర్లో ఈ పని జరిగీ రేవుకు ఏమీ దక్కకపోవడం నాకు మింగుడు పడటం లేదు.

రాకెట్ల పోటీలో మన స్టార్టప్‌లు బాగానే ఉన్నాయి. హైదరాబాద్ స్కైరూట్ 2022 నవంబరులో విక్రమ్-ఎస్ పంపింది. ఐఐటీ మద్రాస్‌లో పుట్టిన అగ్నికుల్ 2024 మే 30న సొంత ఇంజిన్‌తో రాకెట్ ఎగరేసింది. అందరి చూపూ పైకి వెళ్లడం మీదే. కానీ పైకి పంపే దారిలో స్పేస్‌ఎక్స్ ధరలతో పోటీపడటం ఎంత కష్టమో ఆ రంగంలో వాళ్లకు తెలుసు. కిందికి తెచ్చే దారి ఇంకా ఖాళీగా ఉంది. అమెరికాలో వార్దా అనే కంపెనీ 2023 జూన్‌లో చిన్న క్యాప్సూల్ పంపి, అందులో రిటోనవిర్ అనే మందు స్ఫటికాలు తయారుచేసింది. దాన్ని దించడానికి అక్కడి అధికారుల అనుమతి సకాలంలో రాక నెలల తరబడి కక్ష్యలోనే తిప్పాల్సి వచ్చింది. చివరికి 2024 ఫిబ్రవరిలో యూటా ఎడారిలో దించారు. రెండోదాన్ని 2025 ఫిబ్రవరిలో ఏకంగా దక్షిణ ఆస్ట్రేలియాలోని కూనిబ్బాకు తీసుకెళ్లి దించారు. అంటే దిగే చోటు కోసం కంపెనీలు ఖండాలు దాటి వెతుక్కుంటున్నాయి. జర్మనీ కంపెనీ అట్మోస్ కథ ఇంకా మనకు దగ్గరిది. దాని తొలి క్యాప్సూల్‌ని మన హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి వైపు దించుదామనుకున్నారు. ప్రయోగానికి ముందు దారి మారి, 2025 ఏప్రిల్‌లో అది బ్రెజిల్ తీరానికి దాదాపు 2,000 కిలోమీటర్ల దూరంలో పడింది. అంత దూరం ఓడ పంపడం కుదరక వదిలేశారు.

దిగే చోటు, ఎత్తే ఓడ, గంటల్లో ల్యాబ్‌కి చేర్చే రోడ్డు. ఈ మూడూ కలిపి అమ్మగలిగినవాడే ఈ వ్యాపారంలో రాజు. శుక్లా వెంట వెళ్లిన మన ప్రయోగాల్లో పెసలు, మెంతుల మొలకలు ఉన్నాయి, అవి ధార్వాడ శాస్త్రవేత్తలవి. కండరాల కణాల ప్రయోగం బెంగళూరులోని ఇన్‌స్టెమ్ పరిశోధన సంస్థది. అవన్నీ పసిఫిక్‌లో దిగి అక్కడ్నుంచి మన దేశం చేరాలి. బరువు లేనిచోట పెరిగిన కణం భూమి మీదికి రాగానే మళ్లీ మారడం మొదలెడుతుంది, అందుకే శాస్త్రవేత్తలకు ప్రతి గంటా లెక్కే. స్పేస్‌ఎక్స్ సరుకు క్యాప్సూల్‌ని 2021 జనవరి నుంచి ఫ్లోరిడా ముందు దించడం మొదలుపెట్టింది కూడా ఇందుకే. 2025లో కాలిఫోర్నియా వైపు మారేదాకా నమూనాలు కొద్ది గంటల్లోనే అక్కడి నాసా కెనడీ సెంటర్ ల్యాబ్‌కి చేరేవి. అదే క్యాప్సూల్ ఎన్నూరు ముందు దిగితే? ఉదయం ఎత్తిన డబ్బా రాత్రికి బెంగళూరులో ఫ్రీజర్ చేరుతుంది. హైదరాబాద్ పక్కన మందుల కంపెనీలు, ల్యాబ్‌లు ఉన్న జీనోమ్ వ్యాలీకి విమానంలో గంటన్నర కూడా పట్టదు.

చెన్నైకి ఏం తక్కువ? పల్లికరణైలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఉంది. సముద్రంలో ఆరు వేల మీటర్ల లోతుకు మనుషుల్ని తీసుకెళ్లే మత్స్య-6000ను తయారుచేస్తున్నది వాళ్లే. ముగ్గురు మనుషులు కూర్చునే ఆ గోళాన్ని 2025 మొదట్లో కాటుపల్లి రేవులో నీళ్లలోకి దించి, ఎత్తి, తేలుతుందో లేదో, మనుషులు ఎక్కి దిగగలరో లేదో పరీక్షించారు. క్యాప్సూల్‌తో చేయాల్సిన పనికీ దీనికీ పెద్ద తేడా ఏముంది? ఐఐటీ మద్రాస్‌లో కృత్రిమ అలలు పుట్టించి నమూనాలను పరీక్షించే కొలను ఉంది. కాటుపల్లిలో ఓడలు కట్టే యార్డు, ఎన్నూరులో రేవు, నగరంలో కోస్ట్ గార్డ్ తూర్పు ప్రాంతీయ కార్యాలయం ఉన్నాయి. అలల ఎత్తు ఎంతుంటుందో ముందే చెప్పే ఇన్‌కాయిస్ హైదరాబాద్‌లో ఉంది. చమురు, గ్యాస్ బావులకు సరుకు మోసే సప్లై ఓడలు కాకినాడలో లంగరేసి కనిపిస్తూనే ఉంటాయి. షానన్ పుట్టింది సరిగ్గా అలాంటి ఓడలోంచే. ప్రపంచంలో ఎక్కడైనా ఇన్ని ముక్కలు ఒక నగరం చేతికందే దూరంలో దొరకడం అరుదు. వాటిని కలిపి కుట్టే దారం ఒక్కటే లేదు. ఆ దారం పేరు కాంట్రాక్టు.

నేవీ ఉండగా ఈ హడావుడి ఎందుకు, ఏళ్లకొకసారి వచ్చే క్యాప్సూల్ కోసం ఓడ కట్టుకుని కూర్చుంటే తుప్పు పట్టదా, వ్యోమగాముల ప్రాణాలు ప్రైవేటు వాడి చేతిలో పెడతారా అని అడుగుతారు. మనుషులున్న మాడ్యూల్‌కి నేవీ ఉండాల్సిందే, కాదనను. సరుకు క్యాప్సూళ్లు, పరీక్ష మాడ్యూళ్లతో మొదలుపెట్టమంటున్నాను. ఓడ ఖాళీగా ఉండక్కర్లేదు. మిగతా రోజుల్లో అది సముద్రంలో వాతావరణ బోయాలు వేస్తుంది, చమురు బావులకు తిరుగుతుంది, తుపాన్లప్పుడు సహాయానికి వెళుతుంది. పైగా క్యాప్సూళ్లు తక్కువ కాబట్టి ఓడ వద్దు, ఓడ లేదు కాబట్టి క్యాప్సూళ్లు రావు అనే చక్రంలో తిరుగుతూ కూర్చుంటే ఇంకో పదహారేళ్లు ఇలాగే గడుస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన బంగాళాఖాతం తుపాన్లతో అల్లకల్లోలంగా ఉండే మాట నిజం. ఎస్‌ఆర్‌ఈ దిగింది జనవరిలో. కాలం చూసుకుని దించుకోవడం ఏ సముద్రంలోనైనా తప్పదు, ఫ్లోరిడా ముందు కూడా వాతావరణం బాగాలేక క్యాప్సూళ్లను రోజుల తరబడి పైనే ఉంచిన సందర్భాలున్నాయి.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం. చెన్నైలోని కాసిమేడు చేపల హార్బర్‌లో ఒక బోటు డ్రైవర్ ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా నుంచి కుర్రాడిగా కలాసీ పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. డ్రాగన్‌ని ఎత్తే వీడియో ఆయనకు ఫోన్లో చూపించాను. పారాచూట్ల గురించి ఏమీ అడగలేదు. మళ్లీ పెట్టమన్నారు. ఓడ వెనక తాడు పట్టుకున్న కుర్రాడి మీద వేలు పెట్టి, "ఈడు కెరటం చూసి వదుల్తున్నాడు సార్" అన్నారు. "నీటి మీద బరువు లెక్క కాదు, ఊపు లెక్క. కెరటం దిగేటప్పుడు లాగితే మోకు తెగిపోద్ది. లెగిసినప్పుడు లాగితే సగం ఎత్తు అదే వచ్చేస్తది." ఓడ ఒక లయలో, నీళ్లలోని బరువు ఇంకో లయలో ఊగుతుంటే రెండూ కలిసే క్షణాన్ని పట్టుకోవడమే రికవరీలో అతి కష్టమైన పని అని ఇంజినీర్లు చెబుతారు. నిండు వలను వించ్‌తో ట్రాలర్ మీదికి లాగేటప్పుడు ఆయన ఆ పనే రోజూ చేస్తున్నారు. ఆ నైపుణ్యానికి మన దగ్గర సర్టిఫికెట్ లేదు, జీతం లేదు, పేరూ లేదు.

ఇది ఒక్క మనిషి సంగతి కాదు. 2019 డిసెంబరులో పుదుచ్చేరి జాలర్ల వలకు సముద్రంలో పీఎస్‌ఎల్‌వీ రాకెట్ పక్కన కట్టే స్ట్రాప్-ఆన్ మోటారు చిక్కింది. వాళ్లు భయపడి వదిలేయలేదు, పడవలకు కట్టి ఒడ్డుకు లాక్కొచ్చారు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ డబ్బివ్వలేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదకు ఎన్నూరు క్రీకులోకి చమురు కొట్టుకొస్తే, సరైన గ్లోవ్స్ కూడా లేకుండా మగ్గులతో, బకెట్లతో ఆ నల్లటి జిడ్డు తోడింది అక్కడి మత్స్యకారులే. అంటే చెత్త ఎత్తాల్సి వచ్చినప్పుడు ఈ తీరం మనుషులు గుర్తొస్తారు. రాకెట్ పైకి లేచే రోజున మాత్రం వాళ్లకు అందే సమాచారం ఒక్కటే, వేటకు వెళ్లొద్దని. పులికాట్ చుట్టుపక్కల ఊళ్లలో ప్రయోగం అంటే ముందు గుర్తొచ్చేది ఆ నిషేధమే. శ్రీహరికోటలో 1971లో మొదటి రాకెట్ ఎగరడానికి ముందు ఆ దీవి అడవిలో బతికిన యానాదులను అక్కణ్నుంచి కదిలించారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా మన అంతరిక్ష కార్యక్రమానికి ఈ తీరం జనం 'ఖాళీ చేయించాల్సిన వాళ్లు'గానే కనిపిస్తున్నారు. ఇస్రో ఘనతను చూసి గుండె ఉప్పొంగే మనిషిని నేను. అందుకే ఈ మాట రాయడం కష్టంగా ఉంది. అయినా రాయాలి.

వేరే దారి ఉందని చెప్పడానికి దూరం వెళ్లక్కర్లేదు, పైన చెప్పిన కూనిబ్బానే చూడండి. వార్దా క్యాప్సూళ్లు దిగుతున్న ఆ రేంజిని సదరన్ లాంచ్ అనే కంపెనీ అక్కడి ఆదివాసీ సమాజపు సంస్థతో భాగస్వామ్యంలో నడుపుతోంది. ఆ నేల ఎవరిదో వాళ్లు అందులో భాగస్వాములు. పులికాట్‌లో అలా ఎందుకు కుదరదు? భద్రత పేరు చెబుతారు. పెన్సకోలాలో పడవలు చుట్టుముట్టినప్పుడు తెలిసొచ్చింది కదా, స్థానికులను బయట పెడితే భద్రత రాదని. సముద్రంలో ఏ పడవ ఎవరిదో, ఏ సమయంలో ఎక్కడ వల వేస్తారో వాళ్లకు తెలిసినంతగా ఏ కంట్రోల్ రూమ్‌కీ తెలియదు. వాళ్లను కాపలాలో భాగం చేస్తే ఆ ప్రాంతాన్ని వాళ్లే ఖాళీగా ఉంచుతారు, దానికి కూలి ఇవ్వాలి.

చట్టం సంగతీ తేల్చాలి. 1972 అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం మన దేశం నుంచి వెళ్లిన వస్తువు భూమి మీద వేరే దేశం వాళ్లకు నష్టం చేస్తే, తప్పు ఎవరిదన్న ప్రశ్న లేకుండా బాధ్యత ప్రభుత్వానిదే. 2023 స్పేస్ పాలసీ ప్రైవేటు కంపెనీలకు తలుపులు తీసింది. కానీ పార్లమెంటు చట్టం లేకుండా ఆ బాధ్యతలో కంపెనీ వాటా ఎంత, ఇన్సూరెన్స్ ఎంత అన్నది గట్టిగా తేలదు. అది తేలనిదే ఏ విదేశీ కంపెనీ అయినా తన క్యాప్సూల్‌ని మన సముద్రంలో దించుతానని ముందుకు రాదు. కింద ఓ పడవ దెబ్బతింటే ఆ జాలరి ఎవరి ఆఫీసుకు వెళ్లాలో కూడా అదే చట్టంలో రాయాలి.

ప్రైవేటు అంతరిక్ష కంపెనీలకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఇన్‌స్పేస్ చేయాల్సింది ఒక టెండర్. రికవరీ సేవకు ఏడాదికింత అని ముందే రేటు కట్టి, అయిదేళ్లకు గ్యారంటీ ఇవ్వాలి. ఇస్రో పరీక్ష మాడ్యూళ్లు మొదటి ఖాతాదారు కావాలి. ఓడ స్థావరం ఎన్నూరుగానీ చెన్నైగానీ అని రాయాలి. సిబ్బందిలో సగం మంది పులికాట్ నుంచి కాసిమేడు దాకా ఉన్న మత్స్యకార కుటుంబాల వాళ్లు ఉండాలని, తమిళం, తెలుగు రెండు భాషల్లోనూ శిక్షణ ఇవ్వాలని షరతు పెట్టాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజిన్ బోట్లకు వేట నిషేధం. ఆ రోజుల్లో కాసిమేడులో బోట్లన్నీ పక్కపక్కన కట్టేసి ఉంటాయి, కలాసీలు పని లేక కూర్చుంటారు. వచ్చే నిషేధంలో ఒక వారం చాలు. డమ్మీ మాడ్యూల్ ఒకటి పులికాట్ ముందు నీళ్లలో వేయండి. కాకినాడ నుంచి ఒక సప్లై ఓడ అద్దెకు తెండి. నేవీ డైవర్లు నేర్పుతారు, సముద్ర సాంకేతిక సంస్థ ఇంజినీర్లు కొలతలు రాసుకుంటారు. వించ్ దగ్గర మాత్రం ఆ శ్రీకాకుళం డ్రైవర్‌ని నిలబెట్టండి, రోజు కూలి మీద కాదు, నెల జీతం మీద.